బండి చప్పుడు ఆపటం వేరు, బాగు చేయటం వేరు



మిరప కోతలు దగ్గరికొచ్చాయి. ఇంకో పది పదిహేను రోజుల్లో మన పల్నాడు ఊళ్ళల్లో ఏ డొంక చూసినా పికప్పులు, ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లే ఉంటాయి. కూలీలను తెచ్చేది అవే, కాయ కల్లానికి చేర్చేది అవే, టిక్కీలు గుంటూరు యార్డుకి తోలేదీ అవే. ఎప్పుడూ తెగుళ్ళ గురించీ మందుల గురించీ రాసేవాణ్ణి, ఈసారి బండి గురించి రాస్తున్నాను. అదీ ఒక్క విషయం మీదే: స్టీరింగ్ దగ్గరా, చక్రాల దగ్గరా, కమాన్ కట్టల దగ్గరా వచ్చే చప్పుళ్ళు. పోస్టు పెద్దదే. తీరిగ్గా చదవండి. బండి తోలే పిల్లలుంటే వాళ్ళకీ చదివి వినిపించండి.

చెప్పదల్చుకున్న మాట ముందే చెబుతాను. చప్పుడు ఆగినంత మాత్రాన లోపం పోయినట్టు కాదు. మన ఊళ్ళల్లో ఎక్కువగా జరిగేది చప్పుడు ఆపటమే. బాల్ జాయింటు అరిగి టక్ టక్ అంటుంటే గ్రీజు గన్ను పెట్టి నాలుగు పోట్లు పొడుస్తాం. రెండు మూడు రోజులు నోరు మూసుకుంటుంది. ఆ గ్రీజు అరిగిన సందులో నిండి చప్పుణ్ణి మింగుతుంది, అంతే. అరిగిన ఇనుము మళ్ళీ మొలవదు గదా. బుష్ పోతే పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి దోపుతాం. కట్టలు కిర్రుమంటే ఇంజన్ ఆయిల్ పోస్తాం. ఇవేవీ కుదరకపోతే పాటల సౌండు పెంచుతాం. చప్పుడు పోయింది, బండి బాగైంది అనుకుని రాత్రికి లోడు ఎత్తుతాం. లోపం మాత్రం లోపల్లోపల పెరుగుతానే ఉంటుంది. ఈసారి మనకు చెప్పకుండా పెరుగుతుంది.

మా నాయన ఎడ్లబండి తోలిన మనిషి. బండి మూడు పొలాల అవతల ఉండగానే, ఇరుసు ఎండిపోయిందో, సీల వదులైందో చెప్పేవాడు. అందులో మాయ ఏమీ లేదు, ఏ చప్పుడు ఎందుకొస్తుందో ఆయనకు తెలుసు. అసలు మన భాషలో చప్పుళ్ళకున్నన్ని మాటలు ఎన్ని భాషల్లో ఉంటాయో! టక్‌మనటం వేరు, టకటకలాడటం వేరు, కటకట వేరు, ధడ్‌మనటం వేరు, కిర్రుమనటం, గుయ్యిమనటం, గరగరలాడటం – ఒక్కోటి ఒక్కో రకం. ఇవన్నీ మన నోట్లో ఉన్నా, మెకానిక్ దగ్గరికెళ్ళి "ముందు ఏదో సౌండొస్తంది, చూడు" అని వదిలేసి టీ కొట్టుకి పోతాం. ఆ అబ్బాయి మాత్రం ఏం చేస్తాడు? తన అంచనాకొద్దీ ఒక సామాను మారుస్తాడు. తగ్గకపోతే ఇంకోటి మారుస్తాడు. ఆ సామాన్లన్నిటికీ డబ్బు కట్టేది మనమే.

అందుకని షెడ్డుకి పోయేముందు నాలుగు ప్రశ్నలకు జవాబు మనమే పట్టుకోవాలి. చప్పుడు ఎప్పుడొస్తోంది? గతుకులోనా, మలుపులోనా, బ్రేకు కొడితేనా, నున్నటి రోడ్డు మీద ఊరికేనా? ఎలాంటి చప్పుడు? ఎటు పక్క నుంచి? అది వచ్చినప్పుడు స్టీరింగ్ పట్టుకున్న చేతికి ఏమన్నా తెలుస్తోందా? ఈ నాలుగోదే అన్నిటికంటే ముఖ్యం. చెవికి మాత్రమే వినబడే చప్పుళ్ళల్లో కొన్నిటికి టైముంటుంది. చేతికి కూడా తెలిసే చప్పుడుకి టైముండదు.

ముందు దొంగ చప్పుళ్ళు ఏరెయ్యండి

సస్పెన్షన్ అని మనం భయపడే చప్పుళ్ళల్లో చాలావాటికి సస్పెన్షన్‌తో సంబంధమే ఉండదు. సీటు కింద జాకీ, టామీ రాడ్డు, పానాల సంచీ తీసి కింద పెట్టండి. డాలా గొలుసులు గుడ్డతో కట్టండి. స్టెప్నీ బిగుతుగా ఉందో లేదో ఊపి చూడండి. సైలెన్సర్ చల్లారాక చేత్తో ఊపండి, దాని రబ్బరు తెగితే గతుకు గతుక్కీ ఛాసిస్‌కి కొట్టుకుంటుంది. బ్యాటరీ క్లాంపు చూడండి. ఇవన్నీ అయ్యాక, ఖాళీ బండిని అదే గతుకుల్లో మళ్ళీ తోలండి. సగం మందికి ఇక్కడే తేలిపోతుంది.

రెండోది చక్రం నట్లు. ఈమధ్య పంక్చరు వేయించారా, టైరు మార్చారా? అయితే మిగతావన్నీ పక్కనబెట్టి ముందు వీల్ పానా తీసుకుని నట్లు చూడండి. వదులైన నట్టు మొదట్లో చిన్నగా టక్ టక్ అంటుంది, తర్వాత చక్రాన్నే వదిలేస్తుంది. పంక్చరు వేయించిన రోజున యాభై వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగించి చూసుకోవటం అలవాటు చేసుకోండి. ఖర్చు లేని పని.

చప్పుడుకి తాళం ఉందా?

ఇది నాకు బాగా ఉపయోగపడ్డ కిటుకు. పికప్ టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు ఉంటుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 5 సార్లు తిరుగుతుంది. గంటకు 7 కిలోమీటర్ల వేగంలో, అంటే మనిషి గబగబా నడిచినంత వేగంలో, సెకనుకు ఒక్కసారి తిరుగుతుంది. నున్నటి రోడ్డు మీద అంత నెమ్మదిగా తోలండి. టక్... టక్... టక్ అని సెకనుకొకటి చొప్పున వస్తూ, వేగం పెంచితే అదీ వేగం పెరిగితే, ఆ చప్పుడు చక్రంతో పాటు తిరిగేదే. టైరులో దిగిన మేకో, టైరు మీద లేచిన ఉబ్బో, వదులు నట్టో, డ్రమ్మో, బేరింగో అయ్యుంటుంది. తాళం లేకుండా, గతుకొచ్చినప్పుడు మాత్రమే వస్తే అది కట్టలు, బుష్‌లు, షాక్‌లు, జాయింట్ల సంగతి. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

నున్నటి రోడ్డు మీద తాళం లేకుండా హూంమని ఒకటే మోత, వేగంతో పాటు పెరుగుతుంటే వీల్ బేరింగ్ మీద అనుమానపడాలి. ఖాళీ రోడ్డు చూసుకుని, మామూలు వేగంలో కొంచెం కుడికీ కొంచెం ఎడమకీ మెల్లిగా తిప్పండి. బండి కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే చాలాసార్లు ఎడమ బేరింగే. ఎడమకి తిప్పితే పెరిగిందంటే కుడిది. బండి ఆపాక హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. తాకించేముందు కొంచెం దూరంగా పెట్టి వేడి చూసుకోండి, కాలుతుంది. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బేరింగో, పట్టేసిన బ్రేకో అయ్యుంటుంది.

గతుకులో వచ్చే చప్పుళ్ళు

స్పీడ్ బ్రేకర్‌ని రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేట్టు తోలండి. తర్వాత ఒక చక్రం మాత్రమే గుంతలో పడేట్టు తోలండి. స్టెబిలైజర్ బార్ ఉన్న బండికి, రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ బారు ఊరికే తిరుగుతుంది, పెద్దగా పనుండదు. ఒకటే లేస్తే మెలిపడుతుంది. అందుకని ఒక చక్రం గుంతలో పడ్డప్పుడు కటకటమంటూ, రెండూ కలిసి ఎక్కినప్పుడు గమ్మునుంటే స్టెబిలైజర్ లింకులూ దాని బుష్‌లూ చూడాలి.

గతుకు దాటాక బండి ముందుభాగం పడవలాగా రెండు మూడు ఊపులు ఊగితే షాక్ అబ్జార్బర్ బలం పోయిందని. షాక్ ఒంటి మీద జిడ్డుగా నూనె కారి, దుమ్ము పేరుకుని ఉందేమో చూడండి. ఊగకుండా చప్పుడు మాత్రమే వస్తుంటే షాక్ కంటే ముందు దాని పైనా కిందా ఉండే బుష్‌లు చూడండి. అవి చవకైనవి. షాక్ మొత్తం మార్చమనేవాళ్ళే ఎక్కువ.

లోడు వేసినప్పుడు మాత్రమే ధడ్ ధడ్‌మంటే, కట్టలు పూర్తిగా అణిగిపోయి బంప్ స్టాపర్‌కి కొట్టుకుంటున్నాయని. దీనికి మన మందు ఏందో తెలుసుగా, ఇంకో పట్టీ ఎక్కించటం. పట్టీ ఎక్కిస్తే కట్టలు గట్టిపడతాయి, నిజమే. కానీ బ్రేకులు, ఇరుసు, టైర్లు అవేగా? అదీగాక వెనక ఇరుసుకి అవతలివైపు బరువు పెరిగేకొద్దీ ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది. స్టీరింగ్ తేలిగ్గా పూవులాగా తిరుగుతోంది అని మురిసిపోతాం. ముందు చక్రాలు రోడ్డును సరిగ్గా పట్టుకోవటం లేదని దాని అర్థం.

తిప్పేటప్పుడు వచ్చే చప్పుళ్ళు

పవర్ స్టీరింగ్ బండి అయితే, పూర్తిగా ఒక వైపు తిప్పి పట్టుకుంటే గుయ్యిమనటం కొంత మామూలే. అలా రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువ పట్టుకోవద్దు, పంపుకి దెబ్బ. సగం తిప్పుడికే గుయ్యిమంటుంటే నూనె మట్టం చూడండి. కీచుమని అరిస్తే బెల్టు చూడండి. నూనె తగ్గిందంటే ఎక్కడో కారుతోందని. పోసి ఊరుకోకుండా కారేచోటు పట్టుకోవాలి.

ఇంట్లో చిన్న కారు, ముందు చక్రాలు లాగే రకం ఉంటే, పూర్తిగా తిప్పి ముందుకు పోనిస్తున్నప్పుడు టకటకటక అని వరసగా వస్తే సీవీ జాయింటు. దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి ఉంటుంది. తొడుగు చిరిగిన కొత్తలోనే చూసుకుంటే తొడుగు, గ్రీజుతో పోతుంది. ఆలస్యమైతే జాయింటే పోతుంది.

గేరు వేసి క్లచ్ వదలగానే కింద నుంచి టక్‌మని ఒక్క దెబ్బ, రివర్స్ వేస్తే ఇంకో దెబ్బ వస్తే కమాన్ కట్టల జోలికి పోవద్దు. వెనక చక్రాలు లాగే పికప్పుల్లో అది చాలాసార్లు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ చప్పుడు. గతుకుల్లో ముందు నుంచి కటకటమంటూ, బ్రేకు మీద కొంచెం కాలు ఆనించగానే ఆగిపోతే బ్రేక్ ప్యాడ్లూ క్యాలిపర్ పిన్నులూ చూడాలి.

మా బండి సంగతి

రెండేళ్ళ కిందట మా పికప్పుకి ఎడమ ముందు చక్రం దగ్గర టక్‌మని చప్పుడు మొదలైంది. డొంక గతుకుల్లో వచ్చేది. ఇంటి ముందు బండి నిలబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పినా ఒక్కోసారి వచ్చేది. పట్నంలో ఒక షెడ్డుకి పంపితే, బండి కింద తల పెట్టకుండానే "షాక్‌లు పోయినయ్ బాబాయ్, జత మార్చాలి" అని ఫోన్లో చెప్పారు. మా బండికి షాక్ విడిగా, కట్టల పక్కన ఉంటుంది. నిలబడ్డ బండిలో స్టీరింగ్ తిప్పితే షాక్‌కి పనే లేదు. మరి అప్పుడు చప్పుడెందుకు వస్తున్నట్టు? నాకు కుదరలేదు. బండి వెనక్కి తెప్పించాను.

ఇంటి దగ్గర నేనూ మావాడూ కలిసి చూశాం. మీరూ చేయొచ్చు, ఇద్దరు మనుషులు చాలు. బండి చదునైన నేల మీద నిలబెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి. చక్రాలు నేల మీదే ఉండాలి, జాకీ వద్దు. ఒకళ్ళు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని జానెడు అటూ జానెడు ఇటూ గబగబా ఊపాలి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజన్ ఆన్ చేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఊపాలి. రెండోవాళ్ళు చక్రాలకు ఎదురుగా కాకుండా పక్కన వంగి, లైటు వేసి, స్టీరింగ్ బాక్స్ దగ్గర నుంచి మొదలుపెట్టి చక్రం దాకా ఒక్కో జాయింటునీ చూసుకుంటూ రావాలి. బాగున్న జాయింటులో రెండు ముక్కలూ ఒకేసారి కదులుతాయి. అరిగిన జాయింటులో ముందు ఒకటి కదిలి, ఒక్క క్షణం ఆగి, టక్‌మని రెండోది కదులుతుంది. ఆ ఆగటమే అరుగుదల.

మా బండికి ఎడమ టై రాడ్ ఎండ్‌లో దొరికింది. రబ్బరు తొడుగు చిరిగి, లోపల గ్రీజు బదులు ఎర్రటి బురదలాంటి తుప్పుంది. బాల్ పక్కకే కాకుండా పైకీ కిందికీ కూడా ఆడుతోంది. "నాన్నా, దీన్ని చేత్తో పట్టుకుంటేనే తెలుస్తంది" అన్నాడు మావాడు. ఆ బాల్ గనక గిన్నెలోంచి ఊడొస్తే ఆ చక్రం స్టీరింగ్ మాట వినదు. మన చేతిలో స్టీరింగ్ కుడికి ఉంటుంది, చక్రం తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. బ్రేకు ఒక్కటే దిక్కు.

ఆ రోజు కల్లంలో 30 టిక్కీలు కుట్టి సిద్ధంగా ఉన్నాయి. తెల్లారేసరికి గుంటూరు యార్డులో ఉండాలి. ఇంట్లో వాళ్ళు, "ఈ ఒక్క ట్రిప్పు మెల్లిగా పోయిరారాదూ" అన్నారు. ఆ మాట ప్రతి ఇంట్లో వినబడేదే. అందులో తప్పు లేదు, కాయ కల్లంలో ఉంటే మబ్బు పట్టినా గుండె దడే. కానీ మెల్లిగా పోవటం దీనికి మందు కాదు. నెమ్మదిగా పోయినా గుంతలు అవే, బరువు అదే, ఎదురొచ్చే లారీ మాత్రం నెమ్మదిగా రాదు. పక్కింటాయన బండి కిరాయికి మాట్లాడి సరుకు పంపాను. మర్నాడు టై రాడ్ ఎండ్‌లు రెండు వైపులా మార్పించి, అలైన్‌మెంట్ చేయించాను. కిరాయితో కలిపినా షాక్‌ల జతకు చెప్పిన ధరలో సగం కూడా కాలేదు. షాక్‌లు ఇప్పటికీ అవే ఉన్నాయి.

జాకీ ఎత్తి చూసేది

స్టీరింగ్ ఊపినప్పుడు ఏమీ దొరక్కపోతే చక్రం లేపి చూడాలి. ఒక్కమాట గట్టిగా చెబుతున్నా. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి తలగానీ చెయ్యిగానీ పెట్టొద్దు. మన నల్లరేగడి నేలలో జాకీ దిగబడుతుంది. కింద మందపాటి చెక్క వేయండి, ఇరుసు కింద స్టాండు పెట్టండి.

చక్రాన్ని గడియారం అనుకోండి. 12 దగ్గర ఒక చెయ్యి, 6 దగ్గర ఒక చెయ్యి పెట్టి లోపలికీ బయటికీ ఊపండి. ఆడితే బేరింగో, కింగ్ పిన్నో, బాల్ జాయింటో. ఏదో తేల్చటానికి ఒకళ్ళని బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కితే ఆట ఆగిపోయిందా, అది బేరింగ్. తొక్కినా ఆడుతోందా, కింగ్ పిన్నో బాల్ జాయింటో. ఇప్పుడు 9 దగ్గరా 3 దగ్గరా పట్టుకుని ఊపండి. 12–6లో లేని ఆట ఇక్కడ ఉంటే టై రాడ్ వైపు చూడాలి. తర్వాత చక్రం తిప్పి వదిలి వినండి. గరగరమంటే బేరింగ్.

ముందు కాయిల్ స్ప్రింగులు ఉండి, అవి కింది ఆర్మ్ మీద కూర్చునే బండ్లకు మాత్రం జాకీ ఛాసిస్ కింద కాకుండా కింది ఆర్మ్ కింద పెట్టాలి. లేకపోతే స్ప్రింగు ఒత్తిడికి బాల్ జాయింటు బిగిసిపోయి, అరిగింది కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

కమాన్ కట్టలు

కట్టలు కిర్రుకిర్రుమంటే పట్టీల మధ్య తుప్పూ దుమ్మూ. చెవికి బాధేగానీ ప్రాణానికి కాదు. కాకపోతే కిర్రుమంటున్నాయి గదా అని ఒకసారి వంగి, ఒక్కో పట్టీ చివరిదాకా చూడండి. విరిగిన పట్టీ కొత్త పగులు వెండిలాగా మెరుస్తుంది, పాతదైతే ఎర్రగా తుప్పు గీత ఉంటుంది. బండిని చదునైన చోట ఖాళీగా నిలబెట్టి, వెనక నుంచి చూడండి. ఒక పక్క కుంగి ఉంటే అనుమానమే.

దీనికంటే ప్రమాదం సెంటర్ బోల్టు. కట్టల్ని ఇరుసు మీద సరైన చోట నిలబెట్టేది అదే, పట్టి ఉంచేవి యూ బోల్టులు. యూ బోల్టులు వదులైతే బరువంతా సెంటర్ బోల్టు మీద పడి తెగుతుంది. తెగితే ఇరుసు ఒక పక్క వెనక్కో ముందుకో జరుగుతుంది. మీ వెనక వచ్చేవాళ్ళు "బండి ఎండ్రకాయలాగా అడ్డంగా పోతంది" అంటే నవ్వేసి ఊరుకోవద్దు, ఆపి చూడండి. రెండు పక్కలా ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి తాడుతో కొలవండి. స్టీరింగ్ నిటారుగా ఉంచి కొలిస్తే రెండూ దాదాపు సమానంగా రావాలి. కట్టల పని చేయించిన తర్వాత కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించాలి. కొత్త పట్టీలు సర్దుకున్నాక అవి కచ్చితంగా వదులవుతాయి.

ట్రాక్టరు వాళ్ళకు

ట్రాక్టరుకి షాక్‌లూ కట్టలూ ఉండవు కాబట్టి ముందు నుంచి వచ్చే చప్పుడు దాదాపు ఇరుసుదో స్టీరింగ్‌దో అయ్యుంటుంది. ఒక చక్రం గట్టు ఎక్కి దిగేటప్పుడు ధడ్‌మంటే ముందు ఇరుసు మధ్యలో ఉండే సెంటర్ పిన్నూ దాని బుష్‌లూ చూడండి. రోడ్డు మీద వేగంలో ముందు చక్రాలు గజగజ వణికితే టై రాడ్ ఎండ్‌లు, కింగ్ పిన్ బుష్‌లు, హబ్ బేరింగులు, టో-ఇన్ ఈ వరసలో చూడాలి. కాలవ కింద దమ్ము చేసినవాళ్ళు ప్రతి సాయంత్రం కడిగి, నిపుల్స్ అన్నిటికీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా గ్రీజు కొట్టాలి. ఆ కొత్త గ్రీజు లోపల చేరిన బురద నీటిని బయటికి నెడుతుంది. గ్రీజుకి అసలు పని ఇది, అరక్కముందు కాపాడటం. అరిగాక కొట్టే గ్రీజు చప్పుడుకి పెట్టే మూతే.

రిపేరు అయ్యాక చూడాల్సినవి

పాత సామాను అడిగి తీసుకోండి. చేత్తో ఊపి చూడండి, నిజంగా అరిగిందో లేదో మీకే తెలుస్తుంది. ఇది మెకానిక్‌ని అనుమానించటం అనుకోవద్దు, మంచి మేస్త్రీ తనే తెచ్చి చూపిస్తాడు. టై రాడ్ ఎండ్ నట్టుకి గుచ్చే స్ప్లిట్ పిన్ కొత్తది వేశారో లేదో చూడండి. ఎడ్లబండి చక్రానికి సీల ఎలాగో దీనికి ఆ పిన్ అలాగ. చిన్న ముక్క, కానీ అది లేకపోతే నట్టు తిరిగి ఊడుతుంది. దాని బదులు బైండింగ్ వైరు చుడితే ఒప్పుకోవద్దు. జాయింటు మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి లోపలికోసారి, బయటికోసారి రుద్దండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపం పళ్ళలాగా తగిలితే చక్రాలు సూటిగా నడవటం లేదని. కొత్త టైర్లు ఒక్క సీజన్లో తినేస్తాయి.

ఇంకో చిన్న అలవాటు. బండి బాగున్నప్పుడే స్టీరింగ్ మీద ఒక టేపు ముక్క అంటించి, చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఎంత దూరం ఊరికే తిరుగుతుందో స్కేలుతో కొలిచి డైరీలో రాసుకోండి. నెలకోసారి కొలవండి. ఆ అంకె పెరుగుతోందంటే ఇంకా చప్పుడు రాకముందే మీకు కబురు అందినట్టు.

ఇవాళ బండి పోవాలా, ఆగాలా?

సీజన్లో అసలు ప్రశ్న ఇదే. నేను మూడు కుప్పలుగా పెట్టుకున్నాను.

అక్కడికక్కడ ఆపాల్సినవి: చప్పుడుతో పాటు స్టీరింగ్ వదులు కావటం, బండి ఒక పక్కకి లాగటం, బ్రేకు కొడితే స్టీరింగ్ పక్కకి తిరగటం. టై రాడ్, డ్రాగ్ లింక్, బాల్ జాయింట్లలో కంటికి కనిపించే ఆట. వదులైన చక్రం నట్లు. ఇరుసు జరగటం, విరిగిన మెయిన్ పట్టీ. కాలిపోయేంత వేడెక్కిన హబ్. వీటికి "ఈ ఒక్క ట్రిప్పు" అనే మాటే లేదు.

వారంలోపు చూపించాల్సినవి: ఇంకా ఆట రాని బేరింగ్ మోత, షాక్ కారటం, చిరిగిన రబ్బరు తొడుగులు, క్రాస్ దెబ్బ, పవర్ స్టీరింగ్ నూనె తగ్గటం. అందాకా లోడు తగ్గించి, రోజూ ఒకసారి చూసుకుంటూ తోలాలి.

కోతలయ్యాక చూడగలిగినవి: కట్టల కిర్రు, స్టెబిలైజర్ లింకు కటకట, డాలా మోత.

ఈ మూడు కుప్పలూ ఎందుకంటే, డబ్బు లేనప్పుడు అన్నీ ఒకేసారి చేయించలేం. ఆ సంగతి మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? ఉన్న డబ్బు చెవిని బాధపెట్టే చప్పుడు మీద కాకుండా ప్రాణం తీసే చప్పుడు మీద పెట్టాలి. చిక్కేమంటే, ఎక్కువ గోల చేసేది తరచుగా మూడో కుప్పలోదే. మొదటి కుప్పలోవి చాలా మెల్లిగా, ఒక్క టక్‌తో చెబుతాయి.

ఆఖరుగా ఒక మాట. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉంది. కోతల రోజుల్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పొద్దున్నే చీకట్లో, సద్ది క్యాన్లు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చునే ఆ ఆడవాళ్ళకి మన బండి టై రాడ్ సంగతి తెలియదు. చప్పుడు వాళ్ళకీ వినబడుతుంది, కానీ అదేమిటని అడగరు. అడిగినా "ఏం కాదులే అక్కా, పాత బండి" అంటాం. వాళ్ళని ఆటోలోనో బస్సులోనో తెచ్చుకోగలిగితే అదే మేలు. ఏ బండి అయినా, తోలేవాడి పక్కన మన పిల్లోడే కూర్చున్నాడు అనుకుని చూసుకోవాలి.

ఇవాళ సాయంత్రం ఎండ తగ్గాక ఒక్క అరగంట కేటాయించండి. వీల్ పానా, లైటు, తోడుకి ఒక మనిషి చాలు. ముందు చక్రం నట్లు బిగించి చూడండి, తర్వాత స్టీరింగ్ ఊపించి జాయింట్లు చూడండి. ఏదన్నా జాయింటు ఆగి కదిలినట్టు కనిపిస్తే ఫోనుతో వీడియో తీసి మీ మేస్త్రీకి చూపించండి. అప్పుడు ఆయన ఊహించే పని తప్పుతుంది, మీ డబ్బూ మిగులుతుంది. ఈ కోతలు అందరికీ క్షేమంగా, మంచి ధరతో గడవాలని కోరుకుంటున్నాను.